లాబ్రడార్ తుంటి నొప్పి: మందుతోపాటు ఇంట్లో ఏం చేయించవచ్చు?

శారద, విజయనగరం:
మా రాజా లాబ్రడార్, పదేళ్లవాడు, 41 కిలోలు. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున లేవడానికి అవస్థ పడుతున్నాడు. ముందు కాళ్లు ఆనించి వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ లేస్తాడు, నాలుగడుగులు వేశాక సర్దుకుంటాడు. ఎక్స్‌రే తీసి తుంటి కీళ్లు అరిగాయన్నారు. వైద్యుడిచ్చిన నొప్పి మందు మెలోక్సికామ్ వాడినన్నాళ్లు బాగున్నాడు, ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. మావారేమో తన మోకాళ్ల నొప్పి మాత్రలో సగం వేద్దామంటున్నారు. కుక్కలకు కూడా ఫిజియోథెరపీ ఉంటుందట కదా, ఇంట్లో చేయించగలిగినవి ఉన్నాయా?

బుజ్జి, బొబ్బిలి:
నువ్వుల నూనె వెచ్చచేసి మర్దన చేయండి. మా తాతగారు దూడలకు అదే చేసేవారు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
నేను మనుషులకు ఫిజియోథెరపీ చేస్తాను. మా ఆడకుక్కకు ఇదే జబ్బు వస్తే పశువైద్యుడి దగ్గర నేర్చుకుని ఇంట్లో చేయిస్తున్నాను. శారదగారూ, ముందు ఆ సగం మాత్ర సంగతి మీ వారిని మరిచిపొమ్మనండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మెలోక్సికామ్‌తో కలిస్తే ఇక చెప్పనక్కరలేదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే వినండి, పారాసెటమాల్ ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. అరిగిన కీలుకు నాలుగు రోజుల మందు చాలదు. ఎక్కువకాలం ఎలా వాడాలో, గబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందు తోడు కావాలో మీ వైద్యుణ్ణే అడగండి. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే మందు ఆపి వెంటనే చూపించాలి.

అసలు శత్రువు బరువు. మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలుంటే చాలు. చాటుగా పెరుగన్నం పెడుతున్నది ఎవరో కనిపెట్టండి, ప్రతి ఇంట్లో ఒకరుంటారు. తర్వాత నేల. టైల్స్ మీద జారే కుక్కకు ఏ వ్యాయామమూ పనిచేయదు. పడక నుంచి వాకిలి దాకా గోనెపట్టాలు పరచండి, జనపనార మిల్లుల జిల్లాలో వాటికి కరవా? గోళ్లు, అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి.

తువ్వాలును వేడినీళ్లలో ముంచి పిండి, మీ ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకుని, తుంటి మీద పది నిమిషాలు కాపడం పెట్టండి. తర్వాత పక్కకు పడుకోబెట్టి, ఒక చేయి మోకాలి పైన, ఇంకొకటి పాదం కింద ఉంచి, సైకిలు తొక్కినట్టు మెల్లగా ముడిచి చాపండి. చూపు కాలి మీద కాదు, ముఖం మీద ఉండాలి. మూతి నాక్కున్నా, తల మీ చేతివైపు తిప్పినా నొప్పి పుట్టినట్టే, అక్కడితో ఆపేయండి. ఆపైన గోడవారగా కూర్చోబెట్టి లేపడం, పూటకు ఐదుసార్లు. గోడ ఉంటే కాలు పక్కకు జారేయడు. నూనె వద్దు బుజ్జిగారూ, నాకేస్తాడు.

పెద్ద నగరాల్లో నీటిలో నడిపించే యంత్రాలున్నాయి. నీళ్లు తుంటి ఎత్తుకు వస్తే ఒంటి బరువులో సుమారు 38 శాతమే కాళ్ల మీద పడుతుంది, అందుకే అంత సుఖం. అలాగని మా నాగావళిలో దింపకండి, ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు.

నరాలు సరిగా ఉన్నాయో లేదో తెలియడానికి ఒక పరీక్ష చేయండి. నిలబడ్డప్పుడు కడుపు కింద చేత్తో ఆసరా ఇచ్చి, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. వెంటనే సరిచేసుకోవాలి.

శారద, విజయనగరం:
గోనెలు పరిచాం. పెరుగన్నం మా అత్తగారి పని, ఒప్పుకున్నారు. పాదం పరీక్షలో కుడికాలు వెంటనే తిప్పుకున్నాడు, ఎడమది మాత్రం అలాగే ఉంచేశాడు. రెండోసారీ అంతే.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
అయితే వ్యాయామాలు ఆపండి. కీలు నొప్పితో అలా జరగదు, వెన్ను దగ్గర నరం నొక్కుకుంటూ ఉండవచ్చు. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే కదా, ఎక్స్‌రే పట్టుకుని రేపే వెళ్లండి. మెట్లు ఎక్కనివ్వకండి. ఆటో ఎక్కించేటప్పుడు పాత దుప్పటి కడుపు కిందుగా వేసి ఇద్దరు పట్టుకోండి, చంకల్లో చేతులు వేసి మాత్రం ఎత్తవద్దు.