ఎంసీఎఫ్-7 కణాలు చస్తున్నాయి, కాస్పేస్-3 బ్యాండ్ మాత్రం రావట్లేదు. ఎందుకు?

బ్లాట్‌బాధితురాలు:
నమస్తే అండీ. పీహెచ్‌డీ రెండో ఏడు. రొమ్ము క్యాన్సర్ కణాలు ఎంసీఎఫ్-7కి స్టారోస్పోరిన్ (కణాల్ని చంపే మందు) పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్న చూస్తే చాలావరకు ముడుచుకుపోయి మీడియంలో తేలుతున్నాయి. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లని సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) పార్ప్ అనే డీఎన్ఏ మరమ్మతు ప్రొటీన్ శుభ్రంగా తెగింది. 116 కిలోడాల్టన్ల బ్యాండ్ పలచబడి, 89 దగ్గర కొత్తది వచ్చింది. కానీ కణం చచ్చేటప్పుడు ప్రొటీన్లని కోసే ఎంజైమ్ కాస్పేస్-3 తెగిన రూపంలో కనబడాల్సిన 17 దగ్గర ఖాళీ! యాంటీబాడీ కొత్తదే. మా గైడ్‌గారేమో "అపోప్టోసిస్ కాదేమోనమ్మా, నెక్రోసిస్ అయ్యుంటుంది" అంటున్నారు. అంటే కణం పద్ధతిగా తనని తాను చంపుకోవడం కాదు, దెబ్బతిని చావడం అని. శుక్రవారం ల్యాబ్ మీటింగ్. ఒకటే టెన్షన్.

జెల్‌మామ:
తేలుతున్న కణాల్ని పారబోశారా, కలిపి తీశారా? చచ్చేవన్నీ అందులోనే ఉంటాయి. 17 చిన్న ముక్క కాబట్టి 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ మెంబ్రేన్ వాడండి. 0.45 అయితే దాటిపోయే ప్రమాదం ఉంది.

బ్లాట్‌బాధితురాలు:
కలిపే తీశానండీ. మెంబ్రేన్ కూడా 0.2నే.

పాతసీనియర్:
చెల్లీ, జెల్లూ మెంబ్రేనూ వదిలెయ్. ఎంసీఎఫ్-7లో అసలు కాస్పేస్-3 ఉండదు. దాని జన్యువులో మూడో ఎక్సాన్ (ప్రొటీన్ కోడ్ ఉండే భాగం) దగ్గర 47 బేస్‌లు ఎగిరిపోయాయి, అందుకే ప్రొటీన్ తయారవదు. 1998లోనే పేపర్ వచ్చింది. అయినా ఈ కణాలు కొనే ప్రతి ల్యాబ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే బ్యాండ్ కోసం వెతుకుతూనే ఉంటారు. నమ్మకం కుదరకపోతే తెగని రూపానికి యాంటీబాడీ పెట్టి చూడు, 32 దగ్గర కూడా ఏమీ రాదు. పక్క లేన్‌లో స్టారోస్పోరిన్ పెట్టిన జర్కాట్ కణాలు (కాస్పేస్-3 ఉన్న రక్త క్యాన్సర్ కణాలు) వెయ్యి. అందులో 17 వస్తే నీ యాంటీబాడీకి ఏ దోషమూ లేనట్టే.

మరి పార్ప్‌ని కోసిందెవరంటావా? కాస్పేస్-7. మామూలు కణంలో మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ బయటికొస్తే కాస్పేస్-9 మేలుకుని 3నీ 7నీ కోసి పనిలోకి దింపుతుంది. ఈ రెండూ డీ-ఈ-వీ-డీ అనే నాలుగు అమైనో ఆమ్లాల వరుస చూసి, చివరి ఆస్పార్టేట్ తర్వాత కోస్తాయి. నీ కణాల్లో 3 లేదు కాబట్టి ఆ పని 7 చేస్తోంది.

బ్లాట్‌బాధితురాలు:
అక్కా, డీ-ఈ-వీ-డీ కిట్‌లో (ఆ వరుస తెగితే సిగ్నల్ ఇచ్చేది) కూడా సిగ్నల్ బాగా పెరిగింది. డబ్బా మీద "కాస్పేస్-3" అనే ఉంది!

పాతసీనియర్:
డబ్బా మీద ఏదైనా రాస్తారు. ఆ సబ్‌స్ట్రేట్‌ని 7 కూడా కోస్తుంది. నీ థీసిస్‌లో మాత్రం "కాస్పేస్-3/7 తరహా చర్య" అనే రాయి.

ఇంకోటి, డీఎన్ఏ నిచ్చెన (అపోప్టోసిస్‌లో తెగిన డీఎన్ఏ ముక్కలు జెల్‌లో మెట్లలా కనబడటం) కోసం అగరోస్ జెల్ వేసి టైమ్ పాడు చేసుకోకు. డీఎన్ఏని ముక్కలు చేసే క్యాడ్ అనే ఎంజైమ్‌ని ఐక్యాడ్ అణిచిపెట్టి ఉంచుతుంది. ఆ పట్టు విడిపించడంలో ముఖ్యపాత్ర కాస్పేస్-3దే. అది లేదు కాబట్టి 180 బేస్‌ల మెట్లు నీకు రావు.

జెల్‌మామ:
ఇది నాకూ తెలీదు. గైడ్‌గారికి ఏం చెప్పాలి మరి?

పాతసీనియర్:
89 ముక్క కాస్పేస్ కోతకి గుర్తు అని చూపించాలి. నెక్రోసిస్‌లో లైసోజోమ్ ఎంజైమ్‌లు కోస్తే పార్ప్ ముక్క 50 దగ్గర వస్తుంది. చెల్లీ, వీలుంటే జీ-వ్యాడ్ (కాస్పేస్‌లని ఆపే మందు) కలిపిన ప్లేట్ ఒకటి ఇవాళే పెట్టు. కాస్పేస్‌లు ఆగితే 89 తగ్గిపోవాలి. కాస్పేస్-7 యాంటీబాడీ పక్క ల్యాబ్‌లో అడిగి చూడు, తెగిన ముక్క 20 దగ్గర వస్తుంది.