ఎంఎంటీఎస్‌కి జనం రావట్లేదా, జనానికి ఎంఎంటీఎస్ రావట్లేదా?

సీజన్‌పాస్ (సీతాఫల్‌మండి):
నిన్న ఆఫీసులో లంచ్ దగ్గర గొడవ. మా టీమ్‌లో ఒకాయన "మన హైదరాబాద్‌లో మెట్రో వచ్చాక ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల పనైపోయింది, ఆ పట్టాలు దూరం బళ్లకి వదిలేస్తే పోలా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, సరైన జవాబు తట్టలేదు.

2003 ఆగస్టు 9న అద్వానీ గారు ప్రారంభించినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. సీతాఫల్‌మండి నుంచి ఆర్ట్స్ కాలేజీ ఒక్క స్టేషనే. నడిచినా పోవచ్చు, అయినా రైలే ఎక్కేవాళ్లం. ఆ చిన్న అట్ట టికెట్‌ని పుస్తకంలో గుర్తుకి పెట్టుకుని, సెమిస్టర్ అయ్యాక దులిపితే అరడజను రాలేవి. కరోనాకు ముందు రోజుకి 121 సర్వీసులు, లక్షన్నర పైచిలుకు జనం. 2020 మార్చిలో ఆపేసి, మళ్లీ 2021 జూన్ 23న మొదలుపెట్టారు. ఆ పదిహేను నెలల్లో ఎంతమంది బైకు కొనుక్కున్నారో మా వీధిలోనే లెక్కపెట్టొచ్చు. సర్వీసులు మళ్లీ ఆ స్థాయికి రాలేదు. మరి తప్పు జనానిదా?

కాచిగూడ కుర్రాడు:
అన్నా, నీ బాధ అర్థమైంది గానీ మీ కొలీగ్ అన్నదాంట్లోనూ నిజం ఉంది. మెట్రోకి నేను టైమ్ చూసుకోను. మెట్లెక్కితే ఐదారు నిమిషాల్లో ఏదో ఒకటి వస్తుంది. ఎంఎంటీఎస్‌కి ముందు రాత్రే టైమ్‌టేబుల్ చూసి పడుకోవాలి. టికెట్ ఐదు రూపాయల నుంచే అంటారు, ఒప్పుకుంటా. కానీ 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ. మా అమ్మకి ఆ ఐదు రూపాయలు కూడా ఎక్కువే ఇప్పుడు.

ఇంకోటి, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే హైటెక్ సిటీ కనపడదు! అక్కణ్ణుంచి షేర్ ఆటో. రైలుకి ఐదు, ఆటోకి ఇరవై.

లైన్‌క్లియర్ (రిటైర్డ్):
ముప్ఫై ఏళ్లు రైల్వేలో చేసినవాణ్ణి. ఇద్దరూ కొసనే పట్టుకున్నారు, మొదలు వేరే ఉంది.

ఈ లైన్ లోకల్ రైళ్ల కోసం వేసింది కాదు. నిజాం కాలంలో, 1874లో, కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వేశారు, బొంబాయి దారిలో కలపడానికి. కాచిగూడ, మలక్‌పేట, ఫలక్‌నుమా వైపు చాలాకాలం మీటర్‌గేజే, అంటే ఇరుకు పట్టాలే. 2003లో ఆ పాత లైన్ల మీదే కొత్త ప్లాట్‌ఫారాలు కట్టి, బోర్డులు పెట్టి లోకల్ నడిపారు. చవగ్గా అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. దాని రోగమూ అదే. సికింద్రాబాద్, లింగంపల్లి మధ్య ఉన్నది రెండే లైన్లు. ముంబై బండి, బీదర్ బండి, గూడ్సు, లోకల్, అన్నీ వాటి మీదే పోవాలి. ఏ బండిని ముందు వదలాలో తేల్చే సెక్షన్ కంట్రోలర్ ముందు రెండు బళ్లు పడితే ఏది ఆగుతుంది? ఎక్స్‌ప్రెస్ లేటైతే పైనుంచి ఫోన్లు వస్తాయి. లోకల్ లేటైతే ఎవరికి వస్తాయి చెప్పండి? అందుకే స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబడేది ఎప్పుడూ అదే. అలా నాలుగు రోజులు నిలబడితే ఐదో రోజు మనిషి బైకు తీస్తాడు. ఆ తర్వాత "జనం లేరు" అని సర్వీసు రద్దు చేస్తారు.

తాంబరం తెలుగమ్మాయి:
చెన్నైలో పదేళ్లుగా ఉంటున్నాను, ఒక మాట. ఇక్కడ బీచ్ స్టేషన్, తాంబరం మధ్య 1931 నుంచీ కరెంటు రైళ్లు నడుస్తున్నాయి. లోకల్‌కి లైన్లు వేరే, దూరం బళ్లకి వేరే. గిండీలో మెట్రో, లోకల్ పక్కపక్కనే. పొద్దున ఎనిమిదిన్నరకి రెండిట్లోనూ కాలు పెట్టే చోటుండదు. కాబట్టి మెట్రో వస్తే లోకల్ చస్తుందనడం సరికాదు.

సీజన్‌పాస్:
అదే! మనకీ భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, మలక్‌పేటల్లో రెండూ దగ్గర దగ్గరే కదా. కానీ ఒకే టికెట్‌తో మారే వీల్లేదు. ఇది దిగి అది ఎక్కాలంటే మళ్లీ లైన్లో నిలబడటమే.

కాచిగూడ కుర్రాడు:
సరే, లైన్‌క్లియర్ సార్, మీరు చెప్పింది ఒప్పుకుంటా. మరి రెండో దశ సంగతేంటి? 2012-13లో మంజూరైంది. అంచనా రూ.816 కోట్లు, అది వెయ్యి దాటింది. మేడ్చల్, ఉందానగర్ వైపు 2023 ఏప్రిల్‌లో, మౌలాలి–సనత్‌నగర్ 2024 మార్చిలో వచ్చాయి. పదేళ్లు! సుచిత్ర, అమ్ముగూడ, నేరేడ్‌మెట్ స్టేషన్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాటికి తగ్గట్టు రైళ్లే లేవు. ఆ డబ్బుతో బస్సులు కొన్నా బాగుండేది.

లైన్‌క్లియర్ (రిటైర్డ్):
ఖర్చులో రెండొంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. రాష్ట్రం వాటా టైముకి రాలేదని రైల్వే, పనులు సాగట్లేదని ఇటువాళ్లు, ఇలాగే సంవత్సరాలు గడిచాయి. మౌలాలి లైన్‌కి పైగా రక్షణశాఖ భూముల పేచీ. నేను ఎవర్నీ వెనకేసుకు రావట్లేదు.

బస్సుల మాట మాత్రం ఒప్పుకోను బాబూ. ఒక రేక్, అంటే ఒక లోకల్ రైలు మొత్తం, పొద్దున ఎంతమందిని మోస్తుందో, అంతమందికి ఎన్ని బస్సులు కావాలో, అవన్నీ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎలా ఉంటాయో ఊహించుకో.

నేనడిగేది ఒక్కటే. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. కొన్ని దూరం బళ్లు అటు మళ్లితే సికింద్రాబాద్‌లో కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ మళ్లీ ఎక్స్‌ప్రెస్‌లకే ఇవ్వకుండా, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పావుగంటకో లోకల్ నడపాలి. ఆరు నెలలు ఖాళీగా తిరిగినా సరే, ఆపకూడదు. బేగంపేట స్టేషన్‌ని అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద బాగా కట్టారు, సంతోషం. రైలు ఎన్నింటికొస్తుందో తెలిస్తే ఇంకా సంతోషం.

కాచిగూడ కుర్రాడు:
ఆరు నెలలు ఖాళీగా తిప్పే ధైర్యం ఎవరికుంది సార్? రెండో నెలకే పేపర్లో "ఖాళీ బోగీలు" అని ఫొటో వేస్తారు.

సీజన్‌పాస్:
వేయనీ. మా కొలీగ్‌ది మియాపూర్, మెట్రోలో వచ్చి భరత్‌నగర్‌లో దిగి ఎంఎంటీఎస్ మారొచ్చని ఆయనకి తెలీదట. మెట్రో మెట్ల దగ్గర్నుంచి ఆ ప్లాట్‌ఫారానికి పోయే దారి ఎవరైనా ఫొటో తీసి పెడతారా? రేపు లంచ్‌లోపు కావాలి.