డే ఆఫ్ ద టెంటకిల్: చెట్టుకి చిక్కుకున్న లవర్న్‌ని దింపేదెలా?

గోదారిగట్టు: దాచిన వస్తువులు వెతికే ఆటలంటే నాకు పిచ్చి. అదే ఊపులో డే ఆఫ్ ద టెంటకిల్ అనే పాత కంప్యూటర్ ఆటకి 2016లో వచ్చిన రీమాస్టర్ (మెరుగులు దిద్దిన కొత్త రూపం) కొన్నాను. ఒకే భవనం, మూడు కాలాలు. మనం ఆడించే పాత్రలు ముగ్గురు: బెర్నార్డ్ వర్తమానంలో, హోగీ 200 ఏళ్ల వెనక, లవర్న్ 200 ఏళ్ల తర్వాత. లవర్నేమో చెట్టుకి వేలాడుతోంది. తెరంతా నొక్కి చూశాను, పనికొచ్చేది ఒక్కటీ లేదు. జవాబు వద్దు, క్లూ చాలు.

బందరు లడ్డు: అక్కడ వెతికి లాభం లేదండీ. హోగీ కాలంలోనూ ఆ చెట్టు ఉంది. అప్పుడే కొట్టేస్తే?

గోదారిగట్టు: హోగీ దగ్గర గొడ్డలి లేదే!

డల్లాస్ బాబాయ్: కొట్టేవాడు హోగీ కాలంలో ఆ భవనం లోపలే ఉన్నాడమ్మా. జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికాడని ఇక్కడ అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన కథ. నిజంగా జరగలేదంటారు, అది వేరే సంగతి. ఆటలో ఉన్నది కమ్‌క్వాట్ (చిట్టి నారింజలాంటి కాయలు) చెట్టు. కాయలు ఎర్రగా కనిపిస్తే ఆయన ఆగుతాడా? ఈ కథ తెలియనివాళ్లకి మాత్రం ఈ పజిల్ అన్యాయమే.

బందరు లడ్డు: బాబాయ్, క్లూ అడిగితే జవాబు చెప్పేశారు!

రాత్రిబడి: నాకు నచ్చింది స్వెటర్ పజిల్. బెర్నార్డ్ పెద్ద స్వెటర్‌ని డ్రయ్యర్‌లో వేసి, సంచెడు చిల్లర పోస్తాడు. అది 200 ఏళ్లు తిరుగుతూనే ఉంటుంది. లవర్న్ తీసేసరికి చిట్టెలుకకి సరిపోయేంత అయిపోతుంది! 1993 నాటి ఆట ఇది. వెతకడానికి చురుకైన కన్ను చాలు, దీనికి మాత్రం ‘ఈ వస్తువు రెండొందల ఏళ్లకి ఏమవుతుంది’ అని ఆలోచించాలి.

బందరు లడ్డు: ఆ చిట్టెలుకని ఐస్‌లో గడ్డకట్టించి భవిష్యత్తుకి దాచడం మర్చిపోయారు. చిన్న వస్తువులైతే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేస్తే వేరే కాలానికి వెళ్లిపోతాయి. ఈ ఐడియా వచ్చినవాళ్ల బుర్రకి దండం.

సీమపిల్ల: నొక్కదగిన వస్తువులు మెరిసే ఆప్షన్ రీమాస్టర్‌లో ఉంది అక్కా. టైమ్ లేకపోతే వాడేయ్. నేనైతే వాడను, మజా పోతుంది. ఆ భవనంలో ఉండే ఎడ్ అనే పాత్ర గదిలో కంప్యూటర్ మాత్రం వదలొద్దు, దీని ముందు ఆట మేనియాక్ మాన్షన్ మొత్తం అందులోనే ఆడుకోవచ్చు.

గోదారిగట్టు: చెట్టు పడింది! కానీ లవర్న్ కింద పడగానే టెంటకిల్స్ (ఆటలోని విలన్ జీవులు) పట్టుకుపోయాయి. ఇప్పుడేం చేయాలి?

బందరు లడ్డు: కాపలావాడితో ఒంట్లో బాలేదని చెప్పి చూడండి. బాబాయ్, మీరు కాసేపు మాట్లాడకండి.