దీవుల కోసం రష్యాతో ఇంధన సహకారం: అబే పొరపాటు చేశాడా?

గోదారిగట్టు:
2016 డిసెంబర్‌లో అప్పటి జపాన్ ప్రధాని అబే తన నియోజకవర్గంలోని నగాతోకి రష్యా అధ్యక్షుడు పుతిన్‌ని పిలిచి, వేడినీటి బుగ్గల హోటల్లో ఆతిథ్యమిచ్చాడు. పుతిన్ రెండు గంటలకు పైగా ఆలస్యంగా వచ్చాడు. దానికి ముందే, మే నెలలో రష్యాలోని సోచీలో, ఇంధనంతో సహా ఎనిమిది అంశాల సహకార ప్రణాళికని అబే పుతిన్ చేతిలో పెట్టేశాడు. 1945లో సోవియట్ సైన్యం ఆక్రమించిన ఎతోరోఫు, కునషిరి, షికొతాన్, హబొమాయ్ దీవుల్లో కొన్నైనా జపాన్‌కి తిరిగొస్తాయని ఆశ. 27 సార్లు కలిశారు, ఒక్క బండరాయీ రాలేదు. డబ్బంతా ముందే కట్టేసి రిజిస్ట్రేషన్ కోసం తిరిగే బాపతు బేరం ఇది.

సరుకులబండి:
గట్టు గారూ, అంత తేలిగ్గా తీసేయకండి. రెండో ప్రపంచ యుద్ధం తాలూకు శాంతి ఒప్పందం కుదిరాక షికొతాన్, హబొమాయ్ ఇస్తామని 1956 ఉమ్మడి ప్రకటనలో మాస్కోయే ఒప్పుకుంది. 2018లో సింగపూర్‌లో పుతిన్ ఆ ప్రకటన ఆధారంగానే మాట్లాడదామన్నాడు. నాలుగూ కావాలంటూ టోక్యో దశాబ్దాలు పోగొట్టుకుంది. రెండింటితో సర్దుకుందామని ప్రయత్నించింది అబేయే.

గోదారిగట్టు:
2020లో రష్యా రాజ్యాంగం మార్చి, భూభాగం వదులుకోవడాన్నే నిషేధించింది కదండీ!

సరుకులబండి:
సరిహద్దు నిర్ణయానికి మినహాయింపు పెట్టారు, అదీ చదవండి.

గోదారిగట్టు:
చదివాను. అది వాడతారని మీరు నిజంగా నమ్ముతున్నారా?

కరెంటోడు:
ఇద్దరూ గ్యాస్ సంగతి వదిలేశారు. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత రియాక్టర్లు ఆగిపోయి జపాన్ ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో తెచ్చే ద్రవ సహజవాయువు) మీద పడింది. రష్యా దీవి సఖాలిన్ జపాన్ ఉత్తర దీవి హొక్కైడోకి పైనే ఉంది, ఖతార్ నుంచి వచ్చినంత దూరం ఓడ నడపక్కర్లేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చిలో జపాన్‌తో శాంతి ఒప్పందం చర్చలు రష్యా ఆపేసింది, ఆ ఏడాదే అక్కడి సఖాలిన్-2 గ్యాస్ ప్రాజెక్టు నుంచి షెల్ కంపెనీ తప్పుకుంది. జపాన్ కంపెనీలు మిత్సుయి 12.5 శాతం, మిత్సుబిషి 10 శాతం వాటాలు మాత్రం వదల్లేదు. గ్యాస్ ఓడలూ ఆగలేదు. సఖాలిన్-1 చమురు ప్రాజెక్టులో 20 శాతం ఉన్న మన ఓఎన్‌జీసీ విదేశ్ కూడా అంతే. దీవులు వచ్చినా రాకున్నా జపాన్ గ్యాస్ కొంటుందని పుతిన్‌కి తెలుసు. మరి అది బేరంలో ఆయుధం ఎలా అవుతుంది?

చేపలకూర:
మీ లెక్కల్లో మనుషులు కనబడటం లేదు. హొక్కైడోలోని నెమురో ఊరి దగ్గర నొసప్పు అంచున నిలబడితే హబొమాయ్‌లోని కైగర దీవి 3.7 కిలోమీటర్లే. 1945లో ఈ నాలుగు దీవుల్లో ఉన్న జపనీయులు సుమారు 17 వేల మంది. అబే చర్చల వల్లే 2017లో కొందరు ముసలివాళ్లు పడవ కుదుపులు లేకుండా విమానంలో వెళ్లి పెద్దల సమాధులు చూసొచ్చారు. (వీళ్లందరికంటే ముందు అక్కడున్నది ఐనూలు అనే ఆదివాసులు. వాళ్లనెవరూ అడగలేదు, అది వేరే గొడవ.)

గోదారిగట్టు:
విమానం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ అదే ఏడాది దీవుల్లో కలిసి చేద్దామనుకున్న పనుల జాబితా చూడండి: సీ అర్చిన్ (తినే సముద్రజీవి) పెంపకం, గ్రీన్‌హౌస్ కూరగాయలు, గాలి కరెంటు. ఎవరి చట్టం కింద చేయాలో తేల్చుకోలేక అక్కడే ఇరుక్కుపోయారు. కూరగాయలు పండించడానికే ఒప్పందం కుదరని చోట దీవులు ఇస్తారా?

చేపలకూర:
2022లో వీసా లేని రాకపోకలు కూడా రష్యా రద్దు చేసింది. ఆ విమానం ఎక్కినవాళ్లని అడగండి, అబే పొరపాటు చేశాడా అని.