నాసిక్ వైనరీలకు కారులో రెండు రోజుల ప్రయాణం: సలహాలు కావాలి

పుణె తెలుగువాడు: ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాల్లో మేము నలుగురం మా కారులోనే నాసిక్ వెళ్లి, ద్రాక్షతో వైన్ తయారుచేసే వైనరీలు చూసి రావాలనుకుంటున్నాము. మాతో మా అమ్మగారు, నాన్నగారు కూడా వస్తారు, అయితే వారు వైన్ ముట్టరు. మొదటి రోజే సులా, యార్క్, సోమా, షాందోన్, వలొన్నే, ఈ ఐదింటినీ చూడడం సాధ్యమేనా?

గంగాపూర్ రోడ్డు: సాధ్యం కాదనే చెప్పాలి. పుణె నుంచి నాసిక్ దాదాపు 210 కిలోమీటర్లే అయినా, చాకణ్ దగ్గరి రద్దీలో ఎంతసేపు నిలవాల్సి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పైగా మీరు చెప్పినవన్నీ ఒకే దిక్కున లేవు. సులా, యార్క్, సోమా మూడూ గోదావరిపై కట్టిన గంగాపూర్ ఆనకట్ట వైపు దగ్గరదగ్గరగా ఉంటాయి. షాందోన్ దిండోరి వైపు, వలొన్నే ఇగత్‌పురి తాలూకాలో, అంటే ముంబయి వెళ్లే దారి వైపు ఉంటాయి. ఆనకట్ట వైపు బస చేసి, మొదటి రోజు అక్కడివే రెండు చూడండి. నన్నడిగితే సులాను ఉదయమే ముగించుకోవడం మేలు, ఎందుకంటే శనివారం సాయంత్రం అక్కడ జనమే తప్ప తోట కనబడదు.

కత్తిరింపుల కాలం: ఫిబ్రవరిని ఎంచుకోవడం మంచిదే. ఇక్కడి తోటలకు ఏడాదికి రెండుసార్లు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరొకసారి, కత్తిరింపులు చేస్తారు. పంట మాత్రం ఒక్కటే, అది జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తుంది. ఆ రోజుల్లో రాత్రుళ్లు చల్లగా ఉండడం వల్ల పండులో తీపి పెరుగుతున్నా పులుపు నిలిచి ఉంటుంది. తోటవారి అనుమతితో షిరాజ్ అనే వైన్ ద్రాక్షపండు ఒకటి నోట్లో వేసుకుని చూడండి: పండు చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు, నమిలాక నాలుకపై వగరు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ అనే తినే ద్రాక్షకీ దీనికీ పోలికే లేదు.

వానాకాలం ప్రయాణికుడు: పై అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించను. కోత చూడాలన్న పట్టుదల లేనివారికి ఆగస్టే మేలు. తీగలకు పండ్లు ఉండవన్న మాట నిజమే కానీ, ఇగత్‌పురి కొండలు పచ్చగా ఉంటాయి, వైన్లు రుచి చూపే టేస్టింగ్ దగ్గర వివరించేవారికి మన ప్రశ్నలు వినే తీరిక కూడా ఉంటుంది. ముంబయి వైపు నుంచి ఇగత్‌పురికి ఎక్కే కసారా ఘాట్‌లో పొగమంచు కమ్మినప్పుడు మాత్రం తొందరపడకూడదు.

స్టీరింగ్ నా చేతిలో: కారు ఎవరు నడుపుతారన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే, మొదటిసారే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. టేస్టింగ్‌లో ఒక్కొక్కటి కొద్దిగానే పోస్తారు, కానీ తెల్లవాటితో మొదలై ఎర్రవాటి దాకా వచ్చేసరికి అన్నీ కలిపి తక్కువేమీ కాదు. ఉమ్మడానికి పాత్ర పెడతారు గానీ, మనవాళ్లు డబ్బిచ్చి కొన్నది ఉమ్మడానికి ఒప్పుకోరు. మీ కారు బసలో వదిలి, ఆ రోజుకు డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్లు నిండాలి కనుక, మీలో చిన్నవారుంటే వయసు రుజువు దగ్గర ఉంచుకోవాలి.

పుణె తెలుగువాడు: ధన్యవాదాలండీ. మేమంతా టేస్టింగ్‌లో ఉంటే పెద్దవాళ్లకు పొద్దెలా గడుస్తుంది?

గంగాపూర్ రోడ్డు: ఆదివారం తెల్లవారుజామునే అందరూ కలిసి త్ర్యంబకేశ్వరం వెళ్లండి; నాసిక్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి అక్కడే ఉంది కనుక, మన పెద్దలకు ఈ ప్రయాణంలో అసలు ఆకర్షణ అదే కావచ్చు. వైనరీలో స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు చూపించే పర్యటనకు వారూ రావచ్చు, తాగాలన్న నిర్బంధం ఏమీ ఉండదు. షాందోన్‌కు మాత్రం ముందుగా మాట్లాడుకుని వెళ్లాలి.

కత్తిరింపుల కాలం: సీసాలు కొంటే చివరి మజిలీలోనే కొనండి. ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నపు ఎండలో నిలిపిన కారు డిక్కీ వేడికి వైన్ పాడవుతుంది. హైదరాబాదు నుంచి వచ్చే మిత్రులు, రాష్ట్రం దాటించే సీసాలకు తమ రాష్ట్ర ఎక్సైజ్ నిబంధనలు ఎలా ఉన్నాయో కొనకముందే తెలుసుకోవాలి.