ఎలుక తోలా, ఎలుగు తోలా?

రాజమండ్రి తాతయ్య:
పెద్దలకు నమస్కారం. డాలస్‌లో తెలుగు బడికి వెళ్లే మా మనవరాలు పద్యాల పోటీకి తయారవుతూ, నిన్న ఫోనులో వేమన పద్యం అప్పజెప్పింది. ‘ఎలుక తోలుఁ దెచ్చి యేడాది యుతికిన’ అని మొదలుపెట్టగానే నేను ఆపి, ‘ఎలుక కాదమ్మా, ఎలుగు’ అన్నాను. తన పుస్తకంలో ఎలుక అనే ఉందని ఆ పిల్ల నాకు పేజీ ఫోటో తీసి పంపింది. మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ చదివిన గొంతు తలచుకుంటే మాత్రం నాకు ‘ఎలుగు తోలు దెచ్చి’ అనే వినబడుతోంది. తరువాతి పాదం ‘నలుపు నలుపే గాని తెలుపు గాదు’ అని గుర్తు. ఆ మూడో అక్షరం ‘క’యా, ‘గు’యా అన్నది పెద్దలు తేల్చగలరా?

ఛందోమిత్ర:
తాతయ్యగారూ, ఈ తగవు ఛందస్సు తీర్చేది కాదు. ఎలుక అన్నా ఎలుగు అన్నా మూడు లఘువులే కనుక ఆటవెలదిలో తొలి సూర్యగణానికి రెండూ సరిపోతాయి. ‘ఎ’కు ‘యే’తో యతి కూడా రెండు పాఠాలలోనూ చెల్లుతుంది. ‘ఏడాది’ బదులు కొందరు చదివే ‘ఎన్నాళ్ళు’ కూడా గణానికీ యతికీ తప్పు కాదు. అయితే మీరు రెండో పాదంలో ‘నలుపే’ అని దీర్ఘం రాశారు. అక్కడ గణభంగం వస్తుంది. ‘నలుపె’ అని హ్రస్వంగానే ఉండాలి. ఆ పాదంలో ‘న’కు ‘తె’తో యతి కుదరదు. కవి అక్కడ ‘నలుపు – తెలుపు’ అని ప్రాసయతి వేశాడు, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలను కలిపాడు. ఆ రెండు మాటల్లోని ‘లు’ మీద చెవి పెట్టి వింటే పద్యం ఎంత ఒడుపుగా కట్టారో తెలుస్తుంది.

పాత బడిపంతులు:
ఛందస్సు తీర్చకపోతే భావం తీరుస్తుంది. నేను 34 ఏళ్లు ఎలుక అనే చెప్పాను. ఎలుక తోలు అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. అంత చిన్న తోలును ఏడాది పొడుగునా ఉతికినా తెల్లబడలేదు అన్నప్పుడే శ్రమ ఎంత వ్యర్థమో తెలుస్తుంది. అదే ఎలుగుబంటి తోలు అయితే మంచమంత ఉంటుంది. ఏడాదిలో తెల్లబడకపోతే అందులో వింతేముంది? పైగా వేమన దృష్టాంతాలు చాలావరకు ఇంటి చుట్టూ తిరిగేవే. ‘కుక్క గోవు గాదు, కుందేలు పులి గాదు, దోమ గజము గాదు’ అన్నవాడు చిన్న ప్రాణిని చూపించి పెద్ద సంగతి చెప్పడానికి వెనుకాడడు.

అరసున్న:
పంతులుగారూ, మీరు చెప్పిన పద్యంలోనే పులి, ఏనుగు ఉన్నాయి. అవి ఏ ఇంటి చుట్టూ తిరిగేవో దయచేసి సెలవివ్వండి.

ఇక అసలు సంగతి. పాత అచ్చుల్లో ఈ మాట ‘ఎలుఁగు’ అని అరసున్నతో ఉంటుంది. దానికి భల్లూకం ఒక అర్థం, కంఠస్వరం రెండో అర్థం. ‘ఎలుఁగెత్తి పిలిచె’ అనేటప్పుడు మనం రెండో అర్థాన్నే వాడుతున్నాం. ఇప్పుడు మూడో పాదం చూడండి: ‘కొయ్యబొమ్మఁ దెచ్చి కొట్టినఁ బలుకునా’. మొదటి పాదంలో ఎలుఁగు, మూడో పాదంలో పలుకు లేని బొమ్మ! గొంతు అనే అర్థం లోపల మోగుతుండగానే కవి పలకని కొయ్యను తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఎలుక అని చదివితే ఈ మోత అంతా పోయి, పద్యం రెండు విడివిడి ఉపమానాలుగా మిగిలిపోతుంది. తెలంగాణలో ఇప్పటికీ ఎలుగొడ్డు, గుడ్డెలుగు అనే మాటలు నోళ్లలో ఉన్నాయి కాబట్టి ఇదేదో నిఘంటువులోంచి తవ్వి తీసిన మాట అని కూడా ఎవరూ అనలేరు.

పాత బడిపంతులు:
శ్లేష కావాలంటే ప్రబంధ కవుల దగ్గరికి వెళ్లండి. వేమన పద్యం తిన్నగా వచ్చి తగులుతుంది, చెవి వెనుక గుసగుసలాడదు. బ్రౌన్ దొర రాతప్రతులు పోగుచేసి 1829లో ఈ పద్యాలను అచ్చు వేయించే నాటికే ఒక్కో పద్యం పది రకాలుగా పాడుకుంటున్నారు. అటువంటి చోట మీరు ఒక అరసున్న మీద మేడ కడుతున్నారు.

జీవశాస్త్రం టీచరమ్మ:
అన్నగార్లిద్దరూ క్షమించాలి. ‘తోలు’ మాట వదిలేసి ముందు ‘నలుపు’ మాట చూడాలని నా మనవి. మన ఇళ్లలో తిరిగే ఎలుక నల్లగా ఉండదు. దాని వెంట్రుక ఒకటి తీసి భూతద్దం కింద పెడితే మొదలు బూడిదరంగులోనూ, చివరి దగ్గర పసుపు పట్టీతోనూ కనిపిస్తుంది. ఆ పట్టీల కలయిక వల్లనే దూరం నుంచి అది మట్టిరంగుగా అనిపిస్తుంది. ‘నలుపు నలుపె’ అని రెండుసార్లు నొక్కి చెప్పవలసిన జంతువు అది కాదు. ఎలుగుబంటి అయితే రొమ్ము మీద తెల్లని మచ్చ తప్ప ఒళ్లంతా నల్లని జడలే.

ఉతికితే ఎందుకు పోదో కూడా చెప్పాలి. వెంట్రుక అంటే చనిపోయిన కణాల తాడు. ఆ కణాల నిండా కెరటిన్ అనే ప్రోటీను పోగులు ఒకదానితో ఒకటి గంధకపు ముడులతో బిగిసి ఉంటాయి. పైన పెంకుల కప్పులా ఒకదానిమీద ఒకటి పరిచిన పొలుసుల పొర ఉంటుంది. నలుపునిచ్చే మెలనిన్ గింజలు ఆ కప్పు కింద, మధ్య పొరలో చిక్కుకుని ఉంటాయి. కుంకుడు రసమైనా సబ్బైనా కప్పు మీది జిడ్డును కడుగుతుంది గాని గదిలో దాచిన గింజలను ముట్టుకోలేదు. కెరటిన్‌కు తనదంటూ రంగు దాదాపు లేదు. మన తలలు నెరిసినప్పుడు కనబడేది మెలనిన్ చేరని వట్టి కెరటినే. అదే ఎలుగుబంటికి ఒళ్లంతా నల్లగా ఉండి, పుట్టలు తవ్వే పొడుగాటి గోళ్లు మాత్రం పాలిపోయిన దంతం రంగులో ఉంటాయి. రెండూ కెరటినే, రంగు చేరడంలోనే తేడా. గోళ్లతో సహా ఒలిచిన ఎలుగు తోలును చూసినవాడికి ఒకే చోట నలుపూ తెలుపూ కనబడతాయి. వేమన అది చూసే ఈ పద్యం చెప్పాడని నేను అనను గాని, ఎలుక తోలులో ఆ అందం లేదు.

ఛందోమిత్ర:
టీచరమ్మగారూ, ఏడాదిపాటు ఉతికి రోజూ ఎండలో ఆరేస్తే ఏమవుతుంది? మా ఊళ్లో పశువులు కాచే పిల్లల జుట్టు ఎండకు రాగిరంగు తిరగడం చూశాను.

జీవశాస్త్రం టీచరమ్మ:
బాగా అడిగారు. ఎండ మెలనిన్‌ను మెల్లగా విరగ్గొడుతుంది కనుక నలుపు గోధుమ వైపుకో ఎరుపు వైపుకో జరుగుతుంది. తెలుపు వరకూ వెళ్లడానికి ఉతుకు చాలదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటిది కావాలి. కవి ‘తెలుపు గాదు’ అన్నాడే గాని ‘ఎరుపు గాదు’ అనలేదు కదా!

పాత బడిపంతులు:
అలా అయితే ‘నలుపు నలుపె’ అన్న మాట అబద్ధమవుతుంది. తమరు ఎలుగును గెలిపించబోయి వేమనను ఓడించారు.

తంగేడు:
ఇన్నాళ్లూ ఈ గుంపులో చదువుతూ ఊరకున్నాను, ఈ మాటకు మాత్రం ఊరుకోలేను. మా తాతగారు తోలు పదును చేసేవారు. పెరట్లోని లందలో, అంటే తోళ్లు నానవేసే తొట్టిలో, నేను చిన్నప్పుడు చేతులు పెట్టినవాణ్ణే. తరువాత చదువుకుని, తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన నాయుడమ్మగారు ఒకప్పుడు నడిపిన మద్రాసు తోలు పరిశోధన సంస్థలో కొంతకాలం పనిచేశాను. మీరందరూ ‘తోలు’ అన్న మాటను ‘బొచ్చు’ అన్న అర్థంలో వాడుతున్నారు. నలుపు ఉన్నది బొచ్చులోనూ, చర్మపు పై పొరలోనూ. తోలుగా మిగిలేది దాని కింద ఉండే మందపాటి పొర. అది కెరటిన్ కాదు, కొల్లాజెన్ అనే వేరే ప్రోటీను.

మా తాతగారు పచ్చి తోలును కడిగి సున్నపు గోలెంలో వేసేవారు. రోజూ కర్రతో పైకెత్తి తిరగవేసేవారు. నాలుగైదు రోజులు గడిచాక బొటనవేలితో తోస్తే బొచ్చు పాయలుగా జారిపోయేది. అప్పుడు నున్నని దుంగ మీద తోలు పరిచి, రెండు పిడుల మొండి కత్తితో పైనుంచి కిందికి తోసేవారు. నల్లని ఎనుము తోలు మీద కత్తి నడిచిన మేరకు బొచ్చూ పై పొర మురికీ చారగా లేచిపోయి, కింద పాలిపోయిన తెల్లని తోలు బయటపడేది. ఆ తరువాత దానిని సంచిలా కుట్టి, తంగేడు చెక్క నానిన నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీసేవారు. బొట్లుబొట్లుగా కారిన రసాన్ని కింద కుండలో పట్టి మళ్లీ సంచిలోనే పోసేవారు. పట్నంలో సున్నంతో పాటు సోడియం సల్ఫైడ్ కలుపుతారు. టీచరమ్మగారు చెప్పిన గంధకపు ముడులను అది తెంపేస్తుంది కనుక బొచ్చు గంటల్లోనే గుజ్జవుతుంది. కొల్లాజెన్‌లో ఆ ముడులు లేవు కనుక తోలు చెడదు. సున్నం ఒకదాన్ని విడదీసి, రెండోదాన్ని మిగులుస్తుంది. మా వృత్తి మొత్తం ఆ తేడా మీదనే నిలబడింది.

కాబట్టి ఎలుకైనా ఎలుగైనా నల్ల తోలు తెల్లబడదన్నది మా పెరట్లో చెల్లని మాట. వేమనకు అది తెలియదని నేను అనుకోను. అందుకే ఆయన ‘ఉతికిన’ అన్నాడు. ఉతకడం చాకలి రేవు పని, మా పని కాదు. నన్నడిగితే ఈ పద్యంలో పట్టుకోవలసిన అక్షరం ‘క’ కాదు, ‘గు’ కాదు, ‘ఉతికిన’లోని ‘ఉ’.

పాత బడిపంతులు:
అయ్యా, మీ మాటకు నమస్కారం. ఇంత వివరంగా చెప్పినవారు నాకు ఇంతకు ముందు తారసపడలేదు. అయితే ఒక్క సందేహం. మీ పెరట్లోకి ఎలుక తోళ్లు వచ్చేవా?

తంగేడు:
రాలేదు, మాస్టారూ. ఎలుగు తోళ్లూ రాలేదు. ఎనుములు, మేకలు, అంతే.

అరసున్న:
నా దగ్గర ఎలుగు సాక్ష్యం ఒకటి ఉంది. 1960లలో ఎలుగును ఆడించేవాళ్లు మా వీధికి వచ్చినప్పుడు, చంటిపిల్లలకు జడుపు పోతుందని మా అమ్మమ్మ దాని వెంట్రుకలు రెండు అడిగి తీసుకుని రాగి తాయెత్తులో పెట్టించి నాకు కట్టింది. మొన్న ఆ గొట్టం మూత మైనం ఊడితే తెరిచి చూశాను. లోపలి వెంట్రుకలు ఇన్నేళ్ల తరువాత కూడా కాటుకలా నల్లగా, గట్టిగా ఉన్నాయి. అసలువో కాదో తెలుసుకోవాలని ఒకదాని కొసను అగ్గిపుల్లతో అంటించాను. ప్లాస్టిక్ అయితే కరిగి బొట్టుగా సాగాలి. ఇది చిటపటమని ముడుచుకుపోయి, కమ్మరి గిట్టకు లాడం కాల్చి పెట్టినప్పటి కంపు కొట్టింది. ‘నలుపు నలుపె’ అన్నది నిజమని నాకు ఆ కంపుతో రుజువైంది.

జీవశాస్త్రం టీచరమ్మ:
ఆ కంపు గంధకానిది. గిట్ట, కొమ్ము, గోరు, ఈక, వెంట్రుక, వీటిలో ఏది కాలినా దాదాపు అదే వాసన. అయితే అన్నగారూ, మీ పరీక్ష అది జంతువు వెంట్రుకని చెప్పింది గాని ఎలుగుదని చెప్పలేదు. గుర్రపు తోక వెంట్రుకయినా అలాగే కంపు కొడుతుంది. పైగా తాయెత్తు గొట్టంలో మూతపడి ఉన్నదాన్ని ఎవరూ ఉతకలేదు, దానికి ఎండా తగలలేదు.

అరసున్న:
అమ్మా, మీరు నా పక్షమే అనుకున్నాను.

ఛందోమిత్ర:
ఒక చిన్న పక్కదారి. ఈ కెరటిన్‌కు తెలుగు మాట లేదా? గ్రీకులో ‘కెరాస్’ అంటే కొమ్ము. మన సంస్కృత ‘శృంగం’ కూడా అదే మూలధాతువు నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. కాబట్టి ‘శృంగిక’ అంటే ఎలా ఉంటుంది?

తంగేడు:
మా లంద దగ్గర అది ‘బొచ్చు’. శృంగిక అంటే మా తాతగారు ఎవరింటి అమ్మాయి అని అడిగేవారు.

పాత బడిపంతులు:
ఎలుగుకు కొమ్ములు లేవు, ఎలుకకూ లేవు. ఆ మాట ఈ పద్యానికి అవసరం లేదు. నేను మాత్రం ఎలుక దగ్గరే నిలబడతాను. చిన్న తోలు, పెద్ద శ్రమ.

రాజమండ్రి తాతయ్య:
పెద్దలందరికీ కృతజ్ఞతలు. సున్నం, తంగేడు, తాయెత్తు, అన్నీ తెలిశాయి గాని నా ‘క’, ‘గు’ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. పోటీ వాళ్ల లెక్కన రేపు పొద్దున్నే. పిల్ల ఎలుక అనే కంఠస్థం చేసింది, ఇప్పుడు మార్చమంటే తడబడుతుంది. అలాగే చదవనిస్తే తప్పా?

ఛందోమిత్ర:
నిక్షేపంగా చదవనివ్వండి, గణం చెడదు. రెండో పాదంలో ‘నలుపే’ అని మాత్రం సాగదీయకుండా చూడండి.