అడ్డంగా పెట్టిన పాత కోన్యాక్ సీసా: కార్క్ వాసన పోవడం లేదు, సహాయం కావాలి

సీసా మార్టెల్ కార్డన్ బ్లూ అనే కోన్యాక్ (ఫ్రెంచ్ బ్రాందీ), 70 సెంటీలీటర్లు, 40 శాతం ఆల్కహాల్. వైన్ లాగే పడుకోబెట్టాలనుకుని 14 ఏళ్లు అల్మారాలో అడ్డంగా ఉంచాను. తప్పు నాదే, ఇంత ఆల్కహాల్ ఉన్నవాటిని నిలబెట్టే ఉంచాలని, లేకపోతే కార్క్ నానిపోతుందని ఇప్పుడే తెలిసింది.

గత శనివారం మూత తిప్పగానే కార్క్ సగానికి విరిగింది. స్క్రూతో మెల్లగా లాగితే మిగతాది పొడిపొడిగా రాలి లోపల పడింది, గోధుమరంగు నలుసులు పైన తేలాయి. కాఫీ ఫిల్టర్ పేపర్‌తో రెండుసార్లు వడకట్టి, బాగా ఆరబెట్టిన గాజు సీసాలో పోసి గట్టిగా మూత పెట్టాను. నలుసులు పోయాయి, రంగు అలాగే ఉంది, కానీ తడిసిన చెక్క లాంటి వాసన మాత్రం పోలేదు. గ్లాసులో కొంచెం పోసి 20 నిమిషాలు, మర్నాడు ఇంకోసారి గంటసేపు ఉంచి చూశాను, తేడా లేదు.

1912లో ఎడ్వార్డ్ మార్టెల్ తయారుచేసిన ఈ రకంలో బోర్డరీస్ ద్రాక్షతోటల సరుకు ఎక్కువ, వయొలెట్ పూల వాసన దాని ప్రత్యేకత. కోన్యాక్ ద్రాక్ష పండే ఆరు ప్రాంతాల్లోనూ బోర్డరీసే చిన్నది, అందుకే పారబోయాలంటే మనసు రావడం లేదు. పీపాలో లాగా సీసాలో ఇది ముదరదు కాబట్టి ఇంకా దాచినా లాభం లేదు.

ఇలా కార్క్ నాని వాసన పట్టిన కోన్యాక్‌ను మీలో ఎవరైనా కొన్ని రోజులు గాలి తగలనిచ్చి బాగుచేసుకున్నారా, అయితే ఎన్ని రోజులు పట్టింది?